ఎవరి గొంతులోనో మన మాట

రాత్రి రెండున్నరకి బజర్ మోగింది. వెళ్లి చూస్తే పెద్దాయన దుప్పటి పక్కకి తోసేసి మంచం అంచున కూర్చుని ఉన్నారు. వీపంతా మంట, దురద, నిద్ర లేదు. ఆయనకి సోరియాసిస్, దాంతోపాటు వచ్చే కీళ్లజబ్బు కూడా ఉంది. వేళ్లు ముడుచుకుపోయి ఉంటాయి కాబట్టి తన వీపు తనకి అందదు. ఆయింట్‌మెంట్‌ని డబ్బాలోంచి చేత్తో తీయకూడదు, స్పాచులాతో తీయాలి, లేకపోతే డబ్బా మొత్తం పాడవుతుంది. గ్లవ్స్ వేసుకున్న అరచేతిలో కాసేపు ఉంచితే వెన్నలా మెత్తబడుతుంది. అప్పుడు పైనుంచి కిందికి, వెంట్రుకలు వాలే వైపే, గట్టిగా రుద్దకుండా పూయాలి. పొలుసులు తెల్లగా గ్లవ్స్‌కి అంటుకుంటాయి, పక్క మీద రాలతాయి. పూసినంతసేపూ ఆయన సారీ, సారీ అంటూనే ఉంటారు. ఆ రాత్రి మాత్రం సారీ అనలేదు. "సింగింగ్ డిటెక్టివ్ చూశావా? అందులో మంచం మీద ఉన్నది నేనే" అన్నారు.

ఆయన పేరు చెప్పను, ఏ ఊరి ఆసుపత్రో కూడా చెప్పను. నేను నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో నర్సుగా చేరి నాలుగేళ్లు దాటింది. ఆయన పెరిగింది ఫారెస్ట్ ఆఫ్ డీన్ అనే అడవి ప్రాంతంలో. వేల్స్ సరిహద్దు దగ్గర ఉంటుంది, ఒకప్పుడు అంతా బొగ్గు గనులు. అక్కడివాళ్ల ఇంగ్లీషు నేను ఐఇఎల్‌టిఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకి చదువుకున్న ఇంగ్లీషు కాదు. మొదటి రోజు ఆయన నన్ను "మై లవర్" అని పిలిస్తే గుండె ఆగినంత పనైంది. మనం అమ్మాయ్, తల్లీ అన్నట్టే వాళ్లకి ఆ మాట అని మా చేచీ చెప్పింది (చేచీ అంటే కేరళ నుంచి వచ్చిన మా సీనియర్ సిస్టర్, మా వార్డులో అందరికీ ఆవిడ చేచీనే).

పెద్దాయన చెప్పిన ఆ సింగింగ్ డిటెక్టివ్ అనే టీవీ సీరియల్ డీవీడీ చారిటీ షాపులో దొరికింది. వరసగా మూడు నైట్లు చేశాక వచ్చిన సెలవులో మొదలుపెట్టి రెండు రోజుల్లో ఆరు భాగాలూ చూసేశాను. 1986లో బీబీసీలో వచ్చింది. రాసినాయన డెనిస్ పాటర్, ఆయనదీ ఆ అడవి ఊళ్లే, గని కార్మికుడి కొడుకు. కథలో ఫిలిప్ మార్లో అనే డిటెక్టివ్ కథల రచయిత ఒళ్లంతా సోరియాసిస్‌తో, కీళ్లన్నీ బిగుసుకుపోయి ఆసుపత్రి వార్డులో పడి ఉంటాడు. మైఖేల్ గాంబన్ వేశాడు. కలం పట్టుకోలేని స్థితిలో ఉండి కథని మనసులోనే రాసుకుంటుంటాడు. ఆ కథా, చిన్నప్పటి అడవీ, ఇప్పటి వార్డూ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. వాటి మధ్యలో పాటలు వస్తాయి, 1930లు, 40ల నాటి పాత రికార్డులు. నటులు పాడరు, ఆ రికార్డుకి పెదాలు కదుపుతారు, అంతే.

మొదటి భాగంలో ఒక సీను ఉంది, దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. పెద్ద డాక్టరు తన గుంపుతో రౌండ్‌కి వస్తాడు. మార్లో మంచం చుట్టూ నిలబడి అతని గురించి మాట్లాడుకుంటారు, అతనితో మాత్రం కాదు. అతను ఇక తట్టుకోలేక, ఏడుపు ఆపుకోలేక, ఉన్నదంతా చెప్పుకోబోతాడు. వాళ్లు మత్తుమందుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతారు. అంతలో వార్డు వార్డంతా క్లబ్బు అయిపోతుంది, డాక్టర్లూ నర్సులూ ఎముకల గురించిన ఒక పాత పాటకి పెదాలు కదుపుతూ డాన్స్ చేస్తారు. ఆ కాలికి ఈ కాలి ఎముక, ఈ ఎముకకి ఆ ఎముక అని సాగే హుషారు పాట. నడవలేని మనిషి ముందు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ గుంపులో నిలబడే మనిషిని నేనే. రోజూ పొద్దున రౌండ్‌లో ఫైలు పట్టుకుని నిలబడతాను, పేషెంటు ముఖం చూసే తీరిక సగంసార్లు ఉండదు.

పక్క మంచంలో ఆలీ అని పాకిస్తానీ పేషెంటు ఉంటాడు. బదీ ఉజ్జమాన్ వేశాడు. మార్లోకి ఆ వార్డులో దగ్గరైన మనిషి అతనే. అతను త్వరగానే చనిపోతాడు. మన రంగు మనిషి ఆ తెల్లటి వార్డులో చనిపోవడం చూసి ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మకి కారణం చెప్పలేదు.

నెట్‌లో ఈ సీరియల్ గురించి తెల్లవాళ్లు రాసినవి చదివితే, పెదాలు కదపడం ఎంత వింత పద్ధతో అని రాస్తారు. పాటర్ అంతకుముందే, 1978లో, పెన్నీస్ ఫ్రమ్ హెవెన్ అనే ఆరు భాగాల సీరియల్‌లో ఈ పద్ధతి వాడాడు. అందులో పాటల పుస్తకాలు అమ్ముకునే సేల్స్‌మన్‌గా బాబ్ హాస్కిన్స్ నోరు తెరిస్తే ఆడగొంతు వస్తుంది. వాళ్లకది దిగ్భ్రాంతి. నాకు మాత్రం మొదటి పాటలోనే ఇల్లు చేరినట్టు అనిపించింది. రామారావుకీ నాగేశ్వరరావుకీ ఇద్దరికీ ఘంటసాలే పాడితే, రెండూ ఎవరికి వాళ్ల గొంతుల్లాగే విని పెరిగినవాళ్లం మనం. పెదవి ఒకరిది, గొంతు ఒకరిది, బాధ మాత్రం ఆ పాత్రది. మనకి దీన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

కాకపోతే పాటర్ చేసింది సరిగ్గా మన సినిమా పద్ధతి కాదు. మన సినిమాలో ఆ గొంతు ఆ హీరోదే అని నమ్మిస్తారు. పాటర్ మాత్రం అది ఆ పాత్ర గొంతు కాదని తెలిసేలాగే పెడతాడు. రికార్డు గీసుకుపోయిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ మనిషికి తన మాట లేదు, ఎప్పుడో విన్న చవకబారు పాటలోంచి మాట అరువు తెచ్చుకుంటున్నాడు. నాకు కడుపులో మెలిపెట్టింది ఇక్కడే.

ఎందుకంటే మొదటి ఏడాది నేను చేసింది అదే పని. ఇక్కడ నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. దానికి వాక్యాలు బట్టీ పట్టాం: నమస్తే, ఈ పూట మీ నర్సుని నేను, మీ పేరూ పుట్టిన తేదీ చెప్తారా, దేనికైనా అలర్జీ ఉందా, మీకు ఇది సమ్మతమేనా. కేరళ పిల్లలూ మేమూ హాస్టల్ గదిలో దిండుని పేషెంటుగా పడుకోబెట్టి వందసార్లు చెప్పాం. ఆ తర్వాత వార్డులో ఇంకో రికార్డు పెట్టుకున్నాను: ఆర్ యూ ఆల్‌రైట్, నో వర్రీస్, బ్లెస్ యూ. పెదాలు నావి, గొంతు ఎవరిదో. ఒకసారి ఒక పేషెంటు కూతురికి ఫోన్‌లో విషయం వివరిస్తుంటే, "నాకు అర్థమయ్యేలా మాట్లాడేవాళ్లని ఇవ్వండి" అంది. ఫోన్ ఇచ్చేశాను. నేను చెప్పింది తప్పేమీ కాదు, పక్క నర్సు కూడా అదే చెప్పింది. ఆ రోజు పన్నెండున్నర గంటల డ్యూటీలో ఆ ఒక్క నిమిషమే ఇప్పటికీ గుర్తుంది.

నా చిన్నప్పుడు తాతయ్య తిరునాళ్లకి పద్యనాటకాలకి తీసుకెళ్లేవాడు. హరిశ్చంద్ర కాటిసీను కోసం తెల్లవారుజాము దాకా మెలకువగా ఉండేవాళ్లు జనం. రాజు కాటికాపరి. కొడుకు శవంతో వచ్చింది సొంత భార్య. కాటిసుంకం కట్టనిదే దహనం చేయనివ్వకూడదని యజమాని ఆజ్ఞ. డ్యూటీ మాట ఒకటి, లోపలి మాట ఇంకొకటి, ఆ రెంటి మధ్య నోరు కట్టేసినప్పుడు పద్యం వస్తుంది. అంత రాగం తీసినా జనానికి కథ ఆగినట్టు అనిపించదు, వన్స్‌మోర్ అని అరుస్తారు, అతను మళ్లీ పాడతాడు. ఆ వార్డులో మార్లోని చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కాటికాపరే.

పాటలు కలిపిన సీరియళ్లు తర్వాత ఇంకొన్ని వెతుక్కుని చూశాను. అన్నీ నిలబడవు. 1990లో అమెరికాలో కాప్ రాక్ అని పోలీసు సీరియల్ తీశారు. అందులో కోర్టులో జ్యూరీ తీర్పుని చర్చిపాటలా పాడుతుంది. పదకొండు భాగాలకే ఆపేశారు. అక్కడ జ్యూరీకి నోరు ఉంది, తీర్పు మాటల్లోనే చెప్పొచ్చు కదా, పాట ఎందుకో నాకు అర్థం కాలేదు. బే ఏరియాలో ఉండే మా పిన్ని కూతురు జోయీస్ ఎక్స్‌ట్రార్డినరీ ప్లేలిస్ట్ చూడమంది, 2020లో వచ్చింది, రెండు సీజన్లు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కోడ్ రాసే అమ్మాయికి ఎదుటివాళ్ల మనసులో ఉన్నది పాటగా వినిపిస్తుంది. ఆఫీసు గొడవల మీద వచ్చే పాటలు నాకు పెద్దగా ఎక్కలేదు. కానీ ఆ అమ్మాయి తండ్రికి మెదడు జబ్బు, మాట పోయింది, కదల్లేడు. ఆయన కూతురికి మాత్రం లేచి నిలబడి పాడుతూ కనిపిస్తాడు. మా వార్డులో స్ట్రోక్ పేషెంట్ల కళ్లు చూసినవాళ్లెవరికైనా ఆ పాట ఎందుకో తెలుస్తుంది. ఆ కథ రాసినాయన ఆస్టిన్ విన్స్‌బర్గ్, తన తండ్రి అదే జబ్బుతో పోయాక రాశాడట.

పాటర్‌కి కూడా తను రాసిన జబ్బే. చేతివేళ్లు బిగుసుకుపోతే పిడికిట్లో కలం ఇరికించుకుని రాశాడు. 1994లో క్యాన్సర్ ముదిరిపోయాక టీవీలో మెల్విన్ బ్రాగ్‌తో ఒక ఇంటర్వ్యూ ఇచ్చాడు. మధ్యమధ్యలో ద్రవరూపంలో ఉన్న మార్ఫిన్ తాగుతూ మాట్లాడాడు. అది చూస్తున్నంతసేపూ నా కళ్లు ఆయన చేతుల మీదే ఉన్నాయి. మేము ఇప్పటికీ నోటిద్వారా ఇచ్చే మార్ఫిన్‌ని మిల్లీలీటర్లు కొలిచి, ఇద్దరం చూసుకుని, సంతకాలు పెట్టి ఇస్తాం. అది తాగాక మనుషుల మాట ఎలా మందగిస్తుందో నాకు తెలుసు. ఆయన మాట మందగించలేదు. ఆ జూన్‌లోనే పోయాడు.

తర్వాతి నైట్‌కి వెళ్లి పెద్దాయనకి చూశానని చెప్పాను. ఏ సీను నచ్చిందని అడిగారు. ఎముకల పాట అంటానేమో అనుకున్నట్టున్నారు. నేను, తండ్రి పాడే చోటు అన్నాను. గనిలో పనిచేసే తండ్రి క్లబ్బులో నిలబడి పాడుతుంటే కొడుకు చూస్తుంటాడు. ఆ తండ్రిగా వేసిన జిమ్ కార్టరే తర్వాత డౌన్‌టన్ ఆబీ అనే సీరియల్‌లో బట్లర్‌గా వేశాడు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా నాన్నా గనిలోనే, ఆయనా క్లబ్బులో పాడేవాడు, ఇంట్లో మాత్రం నాతో పది మాటలు కూడా మాట్లాడి ఎరగడు అన్నారు. ఆ పాటల్లో ఏదైనా ఉందా అని అడిగి, నా ఫోన్‌లో వెతికి, సౌండ్ బాగా తగ్గించి దిండు పక్కన పెట్టాను. వీపుకి ఆయింట్‌మెంట్ పూస్తుంటే రెండో పాటకే కళ్లు మూతపడ్డాయి. దురద తగ్గిందని కాదు, దురద ఉండగానే నిద్రపోయారు.

పొద్దున ఏడున్నరకి హ్యాండోవర్, అంటే డే షిఫ్టు వాళ్లకి పేషెంట్ల వివరాలు అప్పజెప్పడం. మామూలుగా నేను కాగితంలో రాసుకున్నది గబగబా చదివేస్తాను, యాస తెలియకుండా. ఆ రోజు కాగితం చూడలేదు. నాలుగో బెడ్, నొప్పికి రాత్రి ఇంత ఇచ్చాం, ఈ రోజు మెథోట్రెక్సేట్ (సోరియాసిస్‌కీ కీళ్లకీ ఇచ్చే మందు) రోజు కాదు, వారానికి ఒక్కసారే, తప్పున ఇవ్వకండి అన్నాను. రాత్రి రెండు దాటాక లేస్తారు, అప్పుడు నిద్రమాత్రకి ముందు పాత డాన్స్‌బ్యాండ్ పాటలు పెట్టి చూడండి, నలభైల నాటివి, సౌండ్ తక్కువగా అన్నాను. డే షిఫ్టు నర్సు పెన్ను ఆపి, ఏ నాటివి, ఇంకోసారి చెప్పు అంది. ఇంకోసారి చెప్పాను. రాసుకుంది.