ఐదో కంట్రోల్, 23:41

ఓరియెంటీరింగ్ పోటీలో ఇచ్చిన టైమ్ స్లిప్పు ఇంకా నా పర్సులోనే ఉంది. రసీదు కాగితమంత వెడల్పు, జానెడు పొడవు. పన్నెండు కంట్రోళ్లకి, అంటే అడవిలో వెతికి పట్టుకోవాల్సిన జెండాలకి, పన్నెండు వరుసలు. పదకొండు వరుసల్లో మూడు నుంచి ఏడు నిమిషాల లోపు అంకెలే. ఐదో వరుసలో మాత్రం 23:41, ఇరవై మూడు నిమిషాల నలభై ఒక్క సెకన్లు. నాలుగోదాన్నుంచి ఐదోదానికి మ్యాపు మీద దూరం నాలుగున్నర సెంటీమీటర్లు, అంటే నేల మీద 450 మీటర్లు. కబుర్లు చెప్పుకుంటూ నడిచినా పది నిమిషాలు పట్టదు.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇరవై రెండేళ్లుగా ప్లాన్లు గీయడం, ఇంకొకరు గీసినవి దిద్దడం నా ఉద్యోగం. మా చెల్లెలి కూతురు చిన్ని, పదమూడేళ్లది, "మామయ్యా, ఆదివారం ఓరియెంటీరింగ్ పోటీకి వస్తావా? మ్యాపు చూసుకుంటూ అడవిలో పరిగెత్తాలి" అని అడిగినప్పుడు నా భయమంతా పరుగు గురించే. మ్యాపు సంగతి అసలు ఆలోచించలేదు. దాన్ని రెండేళ్లుగా దింపి రావడం, తీసుకురావడమే తప్ప నేనెప్పుడూ దిగలేదు. "మ్యాపు చదవడం నాకు నేర్పక్కర్లేదులే" అని కూడా అన్నాను. పిల్లలకి పాఠాలు మర్చిపోవడం వచ్చు గానీ ఇలాంటి మాటలు మర్చిపోవడం రాదు.

ఆట చెప్పడానికి తేలిక. ముప్పై సెంటీమీటర్ల చదరంలో నారింజ, తెలుపు రంగుల జెండాలు అడవిలో అక్కడక్కడా కట్టి ఉంటాయి. అవి ఎక్కడున్నాయో మ్యాపు మీద ఊదారంగు వలయాలతో చూపిస్తారు. వలయం మధ్యబిందువు దగ్గర జెండా. త్రిభుజం దగ్గర మొదలుపెట్టి, వరుస క్రమంలో అన్నీ పట్టుకుని, జంట వలయం దగ్గర ముగించాలి. దారి మన ఇష్టం. ప్రతి జెండా దగ్గరా చిన్న పెట్టె ఉంటుంది. వేలికి తగిలించుకున్న చిప్పు అందులో పెడితే కుయ్‌మంటుంది, టైమ్ నమోదవుతుంది. దాన్నే పంచ్ చేయడం అంటారు. ఇదివరకు కాగితం కార్డు, దానికి సూదులతో చిల్లులు పొడిచే పంచ్ ఉండేవట. మాట అప్పటిదే మిగిలిపోయింది.

నాకు తగిలిన మొదటి దెబ్బ తెలుపు రంగు. మా డ్రాయింగుల్లో తెల్లగా ఉందంటే అక్కడ ఏమీ లేదని. ఈ మ్యాపులో తెల్లగా ఉంటే అడవి! హాయిగా పరిగెత్తగలిగిన అడవి. చెట్లు లేని మైదానం పసుపు. ఆకుపచ్చ అంటే పచ్చదనం కాదు, ఇబ్బంది. ఎంత ముదురు ఆకుపచ్చయితే పొదలు అంత దట్టం, అడుగు అంత నెమ్మది. నీలం నీళ్లకి, నలుపు బండలకీ బాటలకీ కంచెలకీ, గోధుమరంగు కొండ వాలు చూపే కాంటూర్ గీతలకి. మా మ్యాపులో గీతకీ గీతకీ మధ్య ఎత్తు తేడా ఐదు మీటర్లు. నిలువునా గీసిన ఉత్తర రేఖలు అయస్కాంత ఉత్తరానికే గీసి ఉంటాయి కాబట్టి కంపాస్ ముల్లుని వాటికి సరిపెడితే చాలు, మధ్యలో లెక్కలేం లేవు. ఇదంతా చిన్ని ముందురోజు రాత్రి చెప్పింది. కాంటూర్లు నాకు తెలుసని మధ్యలోనే ఆపేశాను.

నాది మధ్యస్థం కోర్సు. 4.2 కిలోమీటర్లు, 110 మీటర్ల ఎక్కుడు. ఆ 4.2 అనేది వలయం నుంచి వలయానికి గీసిన సరళరేఖల మొత్తమని, మనుషులు పక్షుల్లా ఎగరరు కాబట్టి నడిచేది ఎప్పుడూ ఎక్కువేనని అక్కడ లైన్లో నిలబడ్డాయన చెప్పారు. ఒక్కొక్కరినీ రెండు నిమిషాల తేడాతో వదులుతున్నారు. నా పేరు పిలిచాక చిప్పులో పాతవి చెరిపే పెట్టె, చెరిగిందో లేదో చూసే పెట్టె. తర్వాత కంట్రోళ్ల డిస్క్రిప్షన్ షీట్ ఇచ్చారు. ఏ జెండా ఏ కోడ్‌ది, అది బండ పక్కనుందా, పల్లంలో ఉందా అని చిన్న చిన్న గుర్తులతో చెప్పే పట్టీ అది. మ్యాపు మాత్రం ముందు చూడనివ్వరు. చివరి బీప్ మోగాకే పెట్టెలోంచి తీసుకోవాలి. పరీక్ష హాల్లో ప్రశ్నాపత్రం తిరగేసే క్షణంలా కడుపులో తిప్పింది. ఈ వయసులో ఈ టెన్షన్ నాకెందుకనుకున్నాను.

మొదటిది పెద్ద బండకి తూర్పు వైపు. దొరికింది. రెండోది బాట మలుపు. దొరికింది. మూడోదానికి సూటిగా వెళ్తే 320 మీటర్లు, కానీ మధ్యలో ముదురు ఆకుపచ్చ. బాట పట్టుకుని చుట్టూ వెళ్తే 500 పైచిలుకు. చుట్టే వెళ్లాను. అక్కడికి చేరేసరికి నా వెనక బయల్దేరిన కుర్రాడొకడు చొక్కాకి ముళ్లతో పొదల్లోంచి అప్పుడే బయటపడుతున్నాడు. నాలుగోది కూడా సునాయాసంగా దొరికింది. అప్పటికి ఇరవై నిమిషాలు. ఈ ఆటకి ఇన్నేళ్లు ఎందుకు రాలేదా అని నాలో నేనే నొచ్చుకుంటూ ఐదోదానికి బయల్దేరాను.

ఐదోది, కోడ్ 44, కొండ వాలులో లోపలికి నొక్కుకుపోయినట్టుండే పల్లం. వాన పడితే నీళ్లు దిగేదారి, మిగతా రోజుల్లో ఎండుటాకుల గాడి. దాని పైభాగంలో జెండా. నా పథకం: కొండ అడుగున బాట పట్టుకుని 310 మీటర్లు వెళ్లాలి, చిన్న బాట ఒకటి కుడివైపు కిందికి చీలిపోయే చోట ఆగాలి, అక్కడినుంచి ఎడమకి తిరిగి 140 మీటర్లు ఎక్కాలి. కంట్రోల్‌కి దగ్గరలో ఉండి, పొరపాటుకి వీల్లేని ఇలాంటి చోటుని అటాక్ పాయింట్ అంటారు. పథకంలో లోపమేం లేదు, ఇప్పటికీ అదే మాటంటాను. అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి, అదొక్కటే చెయ్యలేదు. ఇంటి దగ్గర మైదానంలో కొలుచుకున్నాను కూడా: జంట అడుగులు నడకలో వంద మీటర్లకి 66, పరుగులో 42. ఆ అంకెలు జేబులో కాగితం మీద రాసి ఉన్నాయి. కాగితం జేబులోనే ఉంది.

కాసేపటికి బాట చీలింది. చిన్న బాట కుడికి, కిందికి. ఇంకేం కావాలి? ఎడమకి తిరిగి ఎక్కాను. పల్లం ఉంది! పైకి చూస్తే నారింజ జెండా! పరిగెత్తుకుంటూ వెళ్లి చిప్పు పెట్టబోతూ అలవాటు కొద్దీ కోడ్ చూశాను. డ్రాయింగు నంబరు చూడకుండా సంతకం పెట్టను, అది ఉద్యోగం నేర్పిన అలవాటు. జెండా మీద 47.

ఇక్కడ నా బుర్ర చేసిన పనిని కాస్త వివరంగా రాయాలి. నేను తప్పు చోట ఉన్నాననే ఆలోచన నాకు రాలేదు. మొదట వచ్చిన ఆలోచన, జెండా తప్పు చోట కట్టారని. 44 ఇక్కడే ఎక్కడో ఉంటుంది, ఇది వేరే కోర్సుదని సరిపెట్టుకుని పల్లం చుట్టూ వెతికాను. పక్కన నా భుజమంత ఎత్తు బండ ఉంది. మ్యాపులో వలయంలో బండ లేదు. గీసినవాళ్లు వదిలేసి ఉంటారు. వలయానికి పైన కంచె ఉండాలి. నాకు కనబడలేదు. పీకేసి ఉంటారు. పల్లం మ్యాపులో చూపినంత లోతు లేదు. ఆకులు నిండిపోయి ఉంటాయి. ఒక్కొక్క సాక్షీ వచ్చి నువ్వు తప్పని చెబుతుంటే ఒక్కొక్కరికీ ఒక్కొక్క వంక పెట్టి పంపేశాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పనిలో ఇంకొకరి తప్పు పట్టడంలో ఇరవై రెండేళ్ల సాధన కదా, అదంతా మ్యాపు గీసిన మనిషి మీద వాడేశాను.

ఓరియెంటీరింగ్ మొదటి బహిరంగ పోటీ 1897లో నార్వేలో, ఓస్లో దగ్గర జరిగిందని చిన్ని ఎక్కడో చదివి చెప్పింది. అప్పటి మ్యాపుల మీద నేను చేసిన ఆరోపణలు చేసి ఉంటే బహుశా చెల్లేవి. ఇప్పటివి అలా కాదు. ఒక మనిషి ఆ అడవిలో రోజుల తరబడి తిరిగి, ఒక్కో బండనీ చూసి గీసిన మ్యాపు అది.

ఈలోగా ఒక పెద్దావిడ, డెబ్బై దగ్గర ఉంటాయి, నా పక్కనుంచి నింపాదిగా దాటి వెళ్లారు. అడగొచ్చు. కానీ ఎవరి దారి వారే కనుక్కోవాలి, సాయం అడక్కూడదని ఆట నియమం. నియమం మీద నాకు అంత గౌరవం ఎప్పుడు పుట్టిందో తెలీదు గానీ ఆ నిమిషానికి చాలా ఉపయోగపడింది. అడగలేదు. ఆ బండ మీద కూర్చుని మ్యాపుని అటూ ఇటూ తిప్పాను. చేతిలో పట్టుకున్న ప్లానుని తిప్పి చూసే జూనియర్లని నేను ఎన్నిసార్లు కసిరానో!

చివరికి విసిగి, తిరిగి నాలుగోదాని దగ్గరికి పోదామని కిందికి దిగాను. బాట మీద నిలబడి, కనీసం ఇప్పుడైనా అని కంపాస్ చూశాను. అది మొదటినుంచీ నా బొటనవేలికి కట్టి ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ముల్లుని ఉత్తర రేఖలకి సరిపెట్టాను. నేను దిగివచ్చిన పల్లం నికరంగా ఉత్తరానికి పోతోంది. మ్యాపులో నా వలయం ఉన్న పల్లం వాయవ్యానికి ఒరిగి ఉంది. ఆ వలయానికి పడమర పక్కనే, పన్నెండు మిల్లీమీటర్ల దూరంలో, ఉత్తరానికి పోయే ఇంకో చిన్న పల్లం. దాని పక్కన నల్లటి చుక్క. బండ. నేను కూర్చున్న బండ. గీసినాయన దాన్ని వదల్లేదు.

పక్కపక్కన ఒకేలాంటివి రెండు ఉన్నప్పుడు ఒకదాన్ని ఇంకొకటనుకోవడం ఈ ఆటలో ఎంత మామూలంటే, దానికి పారలల్ ఎర్రర్ అని పేరే ఉంది. నేను చూసిన చీలిక బాట మ్యాపు తయారయ్యాక పశువులు తొక్కి ఏర్పడిన దారి. అసలు చీలిక ఇంకో 120 మీటర్లు ముందుకి. ఈసారి లెక్కపెట్టాను, పైకే, బళ్లో ఎక్కాలు చదివినట్టు. డెబ్బై తొమ్మిదో జంట అడుగుకి శుభ్రమైన బాట కుడికి చీలింది. ఎడమకి ఎక్కితే లోతైన పల్లం, పైన కంచె, 44.

మిగతా ఏడింటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎనిమిదోది ఒక్కటే నాకు ముచ్చటేసింది. రెండు వాగులు కలిసే చోట జెండా. సూటిగా దానికే గురిపెడితే, వాగు దగ్గరికి చేరాక జెండా కనబడకపోతే ఎడమకి వెళ్లాలో కుడికి వెళ్లాలో తెలియదు. అందుకని కావాలనే కాస్త ఎడమకి గురి తప్పించి వెళ్లాలి. వాగు తగలగానే కుడికి తిరగాలి, అనుమానం ఉండదు. చెప్పింది చిన్నియే, నేను మధ్యలో ఆపకముందు. పదో దగ్గర ముదురు ఆకుపచ్చలోకి దూరి, దాని అర్థం మోకాళ్లతో నేర్చుకున్నాను.

మొత్తం గంటా పంతొమ్మిది నిమిషాలు. మా కోర్సులో ముప్పై ఒక్కరిలో ఇరవై నాలుగు. అసలు ఇరవై ఐదు రావలసింది. చొక్కాకి ముళ్లతో కనిపించిన కుర్రాడు నాకంటే అరగంట ముందే వచ్చేశాడు గానీ, చిప్పులోని టైములు దింపుకునే దగ్గర ఐదో వరుసలో 44 బదులు 47 పడింది. ఆ కంట్రోల్ తప్పితే ఫలితమే లేదు. అతను ఆ స్లిప్పుని తిప్పి వెనకవైపు కూడా చూశాడు. నాకు నవ్వు రాలేదు. ఆ జెండా ఎంత నమ్మకంగా పిలుస్తుందో నాకు తెలుసు.

ఇంటికొచ్చాక చిన్ని మ్యాపు నేలమీద పరిచి ఎర్ర పెన్ను చేతికిచ్చింది, ఎక్కడెక్కడ తిరిగావో గీయమని. ఐదో దగ్గర గీత కోడి కెలికినట్టు తయారైంది.

"ఇక్కడ ఇంతసేపు ఏం చేశావు?"

"మ్యాపు తప్పని రుజువు చేస్తున్నాను."

అది నవ్వలేదు. తన మ్యాపు తీసి పక్కన పెట్టింది. దాని కోర్సులో ఆరోది అదే పల్లం. 47.

"చూశాను మామయ్యా. బండ మీద కూర్చుని మ్యాపు తిప్పుతున్నావు. నీ వెనకనుంచే వచ్చి పంచ్ చేసుకుని వెళ్లాను."

"మరి పిలవొచ్చు కదే!"

"సాయం చెయ్యకూడదు కదా" అంది. "అయినా నీకు మ్యాపు నేర్పక్కర్లేదన్నావుగా."