పిట్ట ముట్టలేదని

"శనివారం రా రా, కామెడీ షోకి టికెట్లు తీసుకున్న" అని హనుమకొండ నుంచి మా అక్క ఫోన్ చేసింది. సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగాను. పొద్దున భద్రకాళి దర్శనం, చెరువు కట్ట మీద నడక. అవి అందరూ రాసేవే, వదిలేస్తున్నా.

షో నక్కలగుట్టలో, ఒక కాఫీ షాపు మీది హాల్లో. మైకు పట్టుకున్నాయనకు 68 ఏళ్లట. గుండెకు మూడు స్టెంట్లు. "నవ్వు రాకుంటే చెప్పుండ్రి, ఇక్కడనే పడిపోత. టికెట్ పైసలన్నా గిట్టుబాటయితయి" అని మొదలుపెట్టాడు. కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. మా వెనక పెద్దాయన మాత్రం "మన వేణుమాధవ్ ఇసొంటి మాట ఎన్నడన్న అన్నడా?" అని గొణిగాడు. 1932లో మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ మిమిక్రీతో పద్మశ్రీ దాకా వెళ్లారు. ఓరుగల్లులో మైకు పట్టినవాడికి ఆ పోలిక తప్పదు. నాకైతే చిన్నప్పటి తుపాకి రాముడు గుర్తొచ్చాడు. ఖాకీ బట్టలు, కట్టె తుపాకి, లేని ఎకరాల గొప్పలు. కాకపోతే రాముడు తనను తానే నవ్వులపాలు చేసుకునేవాడు. ఈయన వేలు మన దిక్కే ఉంది.

"మా నాయిన పోయిన మూడొద్దులకు పిట్టకు పెట్టినం. ముట్టలే. మటన్ పెట్టినం, ముట్టలే. క్వార్టర్ పెట్టినం, ముట్టలే. ఆఖరికి మా అమ్మ దండం పెట్టి, బిడ్డకు గూడ భూమిల వాటా ఇస్తరయ్యా అన్నది. రయ్యిమని వచ్చి ముట్టింది."

ఆగాడు. సీసా మూత తీసి నీళ్లు తాగాడు.

"ఆ పిట్టను మా తమ్ముడు ఇప్పటికీ దేవులాడుతుండు, రాయి పట్టుకొని."

ఆడవాళ్లు ఒక్కసారే గొల్లుమన్నారు. మగవాళ్లకు నవ్వు రాకపోలేదు, వచ్చింది గానీ ముందు పక్క కుర్చీ చూసి అప్పుడు నవ్వారు. ఒకాయన ఫోన్ తీసి, రాని మెసేజ్ చదువుకున్నాడు. ఇంకొకాయన లేచి నిలబడి "చావు మీద జోకులేంది పెద్దమనిషీ?" అన్నాడు.

"రేపో మాపో నాకూ పెడతరు. రిహార్సల్ చేసుకోవద్దా?"

ఈసారి లేచినాయనే అందరికంటే ముందు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆడపిల్లలకు ఆస్తిలో వాటా మన దగ్గర 1986లోనే చట్టమైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. మా ఇంటికి ఇంకా రాలేదు. నాన్న పోయి ఏడాది దాటింది, రెండెకరాలూ నా పేరు మీదే ఉన్నాయి.

షో అయ్యాక అక్క స్కూటీ నేనే నడిపాను. వేయిస్తంభాల గుడి దాటేదాకా ఏం మాట్లాడలేదు తను. తర్వాత వెనక నుంచి అడిగింది.

"నవ్వొస్తే నవ్వాలె గానీ, నా దిక్కెందుకు చూసినవ్ రా?"

"హెల్మెట్ పెట్టుకున్న కదక్కా, ఏం వినబడ్తలేదు" అన్నాను.