బోనం కుండ: సున్నం ఒకచోట, పసుపు ఒకచోట

సున్నం పూసిన కుండ మీద తడి పసుపు పెడితే కాసేపట్లో ఎర్రబడుతుంది. ఆషాఢం వచ్చి, అమ్మవారికి కుండలో అన్నం నెత్తిన ఎత్తుకెళ్లే బోనాల పండగ మొదలైందంటే ఇది చూసి కంగారుపడే ఇల్లు ఒకటైనా ఉంటుంది. అమ్మవారికి కోపం వచ్చిందని అప్పటికప్పుడు ఇంకో కుండకు పరుగెత్తేవాళ్లూ ఉంటారు. అమ్మకు కోపమేమీ లేదు. పసుపుకు సున్నం తగిలితే ఎరుపు రావడం దాని గుణం. పారాణి కలిపేది అలాగే, పసుపు నుంచి కుంకుమ తీసేదీ అలాగే. కాబట్టి రెండూ ఒకదానిమీద ఒకటి పడకుండా చోటు పంచుకోవాలి. కుండ మెడకు, భుజానికి పసుపు. కడుపు మీద సున్నం చారలో చుక్కలో. కుంకుమ బొట్లు పసుపు మీదే. సున్నం ముందురోజే, పలచగా, కుంచెతో వేయండి. మందంగా పూస్తే ఆరాక పెచ్చులు లేచి, మోసేవాళ్ల కళ్లలో పడుతుంది. వేలితో అద్దితే చర్మం మండుతుంది.

కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే బాగా కాలింది, మొద్దుగా మోగితే ఎక్కడో పగులుంది. రెండు మూడు లీటర్లు పట్టేది చాలు. అన్నం, పైన గురిగి (చిన్న ముంత), దీపం అన్నీ కలిపి నాలుగైదు కిలోలు దాటితే గుడి దగ్గర గంటల తరబడి వరుసలో నిలబడ్డాక మెడ పట్టేస్తుంది. గోల్కొండ కోటలో జగదాంబిక అమ్మవారి దగ్గరికైతే మూడు వందలకు పైగా మెట్లు ఎక్కాలి. అక్కడికి వెళ్లేవాళ్లు ఇంకా చిన్న కుండ తీసుకోవడం మేలు. కొత్త మట్టికుండను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. ఆరని కుండకు రంగులు నిలవవు. నానని కుండ అన్నంలోని తడంతా పీల్చేసి, గుడికి చేరేసరికి మెతుకుల్ని గట్టిపరుస్తుంది. ఈమధ్య ఇత్తడి బిందెలకు రంగులేసి, అద్దాలు అంటించి బోనమంటున్నారు. కాదనలేం గానీ ఇత్తడి జారుతుంది, ఎండకు కాలుతుంది, లోపల పెరుగన్నం ఉంటే త్వరగా పులుస్తుంది కూడా. మట్టికుండ చెమర్చి అన్నాన్ని చల్లగా ఉంచుతుంది.

అసలు పండగంతా ఆ చల్లదనం చుట్టూనే తిరుగుతుంది. మహంకాళి, ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మ, అందరూ ఉగ్రంగా ఊరిని కాసే తల్లులు. రోగం వచ్చిందంటే తల్లి వేడెక్కిందని, ఆమెను చల్లబరచాలని పెద్దల నమ్మకం. అందుకే వేపాకు, పసుపు నీళ్లు, పెరుగు, ఉల్లిగడ్డ. బోనం ఎత్తిన ఆడవాళ్ల కాళ్ల మీద వీధివీధిలో బిందెలతో నీళ్లు పోసేదీ అందుకే, ఆ వేళ ఆమెలో అమ్మవారే నడుస్తుందని. "సల్లంగ సూడు తల్లీ" అన్న మాటలో మొక్కంతా ఉంది. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి కథ కూడా రోగంతోనే మొదలవుతుంది. 1813లో జంటనగరాల్లో మహమ్మారి చెలరేగినప్పుడు సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడని, రోగం తగ్గితే అమ్మవారిని మా ఊళ్లో నిలుపుతామని మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం పెట్టాడని చెబుతారు.

ఇప్పుడు అన్నం సంగతి. ఇంటి ఆనవాయితీని బట్టి పెరుగన్నం, బెల్లమన్నం, పసుపన్నం, ఏదైనా కావచ్చు. పెద్దవాళ్లను అడిగి అదే వండండి. బెల్లమన్నానికి పావుకిలో బియ్యం, అర లీటరు పాలు, అంతే నీళ్లు, రెండు వందల గ్రాముల బెల్లం సరిపోతాయి. బియ్యం మెత్తగా ఉడికేదాకా బెల్లం ముట్టొద్దు, ఒకసారి బెల్లం పడిందంటే ఆ మెతుకు ఇక ఉడకదు. మరుగుతున్న పాలలో వేస్తే విరిగిపోతాయి. దించి, కాస్త చల్లారాక, బెల్లాన్ని విడిగా కరిగించి వడగట్టి కలపండి. వడగట్టకపోతే ఇసుక పంటికి తగులుతుంది. పెరుగన్నమైతే అన్నాన్ని కాచి చల్లార్చిన పాలతో కలిపి, రెండు చెంచాల పెరుగే వేయండి. నైవేద్యం వేళకు అదే తోడుకుంటుంది. మొదటే పెరుగంతా పోస్తే మధ్యాహ్నానికి పులుపు దంచేస్తుంది. ఏదైనా సరే చల్లారాకే కుండలోకి ఎత్తాలి. వేడన్నం ఆవిరికి మెడ మీది పసుపు కారి చారలు కడుతుంది. మూడు వంతుల వరకే నింపండి.

కుండ మీద గురిగి. అందులో సాక, అంటే అమ్మవారి ముందు ధారగా పోసేది, పోయడానికి బెల్లం నీళ్లో, వేపాకు పసుపు నీళ్లో పోస్తారు. ఊళ్లలో కల్లు పోసే ఇళ్లూ ఉన్నాయి. దాని మీద మూకుడు, మూకుట్లో దీపం. తప్పులన్నీ జరిగేది ఇక్కడే. మూకుడు గురిగి మూతి కన్నా చిన్నదైతే లోపలికి దిగబడుతుంది, మరీ పెద్దదైతే నడకకు ఊగుతుంది. మూతి చుట్టూ తడి గోధుమపిండి ముద్ద అద్ది కూర్చోబెడితే కదలదు. మూకుట్లో గుప్పెడు బియ్యం పరిచి, దాని మీద ప్రమిద పెట్టాలి. అప్పుడు నూనె తొణికినా బియ్యం పీల్చుకుంటుంది, నెత్తి మీదకు కారదు. నూనె సగానికి మించి పోయొద్దు. పలచటి వత్తి గాలికి ఆరిపోతుంది, నూలుబట్టను మెలిపెట్టి చేసిన లావు వత్తి నిలుస్తుంది. ఆషాఢమంటే చినుకులు ఎప్పుడైనా పడతాయి, అగ్గిపెట్టెను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పక్కవాళ్ల దగ్గర ఉంచండి. మధ్యలో దీపం ఆరితే మళ్లీ వెలిగించుకోవచ్చు, దానికి బెంబేలెత్తనక్కర్లేదు.

వేపకొమ్మలు కుండ మెడకు దారంతో కట్టాలి, ఆకులు కిందికి వేలాడేలా. కొసలు దీపం వైపు నిక్కితే, తెల్లారి కోసిన పచ్చి రెమ్మ కూడా మధ్యాహ్నానికి ఎండి నిప్పందుకుంటుంది. తల మీద చుట్టబట్ట నూలుదే కావాలి, తడిపి పిండి చుడితే కుండ జారదు. పాలిస్టరు చీర, వేలాడే చున్నీ వద్దు. అమ్మవారు వచ్చి ఊగేవాళ్ల నెత్తి మీద దీపం ఉంటే వెనక ఒకరు చేతులు చాచి నడవాల్సిందే.

ఒడిబియ్యం కూడా పోస్తే కిలోంపావు బియ్యంలో పసుపును చుక్క నూనెతో కలపండి. నీళ్లతో కలిపితే మూటలో బూజు పడుతుంది. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, తమలపాకులు ఐదేసి, ఒక రవికె గుడ్డ. అమ్మవారికి సమర్పించే కాగితపు తొట్టెలకు వెదురుపుల్లలు, రంగు కాగితాలు చాలు. కాగితాన్ని మైదా పేస్టుతో అంటించి, వానకు తడవకుండా చివరి రోజే బయటికి తియ్యండి.

రోజులు కూడా చూసుకోవాలి. ఆషాఢంలో తొలి గురువారమో ఆదివారమో గోల్కొండలో మొదలై, వారానికి రెండు చొప్పున పూజలు జరుగుతూ మళ్లీ అక్కడే ముగుస్తుంది. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం మంగళవారం. తర్వాత సికింద్రాబాద్, ఆ మరుసటి ఆదివారం లాల్ దర్వాజ సింహవాహిని. ఈ రెండు చోట్లా ఆదివారం బోనాలు, సోమవారం రంగం, అంటే పచ్చి కుండ మీద నిలబడి చెప్పే భవిష్యవాణి. అప్పటికి పోతరాజులు కొరడాతో చిందేస్తూ ఘటం (అమ్మవారి రూపంగా ఊరేగించే కుండ) ముందు నడుస్తుంటారు. అమ్మవారి తమ్ముడు కాబట్టి కొరడా దెబ్బ తగిలితే మంచిదనుకునేవాళ్లు ముందుకు తోసుకుంటారు. చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు మాత్రం వెనక్కి ఉండాలి. పోతరాజు కట్టేవాళ్లకు ఒక మాట: ఒంటికి పూసే పసుపు కొమ్ములు కొట్టించిందైతే బాగుంటుంది. రంగు కలిపిన పొడి చెమటకు దురద పెట్టి, సాయంత్రానికి దద్దుర్లు లేపుతుంది.

గుడిలో నైవేద్యం తీశాక మిగిలింది ఇంటికి తెచ్చి అందరూ కలిసి తినాలి, ఆ రోజే. పెరుగన్నాన్ని మర్నాటికి దాచొద్దు, బెల్లమన్నమైతే రాత్రికి చాలు. కుండను వేడినీళ్లతో కడిగి, బోర్లించి, నీడలో ఆరబెడితే వచ్చే ఆషాఢానికి పనికొస్తుంది. సబ్బు మాత్రం వద్దు. మట్టి దాన్ని పీల్చేసి, మరుసటేడు అన్నంలోకి వదులుతుంది.