చిగుళ్లకి ఎండ తగలదు

బెంగళూరులో పెరుగుతున్న మన పిల్లలు చిక్కిపోతే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మా అమ్మాయి విషయంలో స్కూల్ కౌన్సెలర్ ఈటింగ్ డిజార్డర్ (తిండి విషయంలో వచ్చే మానసిక జబ్బు) కావచ్చన్నారు. ఊళ్లో ఉన్న మా అత్తగారు ఫోన్‌లో, "పిల్లకి దిష్టి తగిలింది, ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీయమ్మా" అన్నారు. ఒళ్లు నల్లబడిందంటే, ఎండలో ఆడుతోందిగా అని బంధువులు తేల్చేశారు.

పిల్ల మాత్రం కంచం ముందు కూర్చుని, "తినాలనే ఉందమ్మా, వికారంగా ఉంది" అనేది. లావైపోతానేమో అన్న భయం తన మాటల్లో ఎప్పుడూ వినపడలేదు. అన్నం పక్కకు నెట్టేసి ఆవకాయ ఊట నాకేది. మజ్జిగలో ఉప్పు మీద ఉప్పు కలుపుకునేది. పొద్దున్న మంచం దిగి నిలబడితే కళ్లు తిరిగేవి. ఇక నలుపు సంగతంటారా, అరచేతి గీతల్లో, వేళ్ల కణుపుల మీద, చివరికి చిగుళ్ల మీద కూడా కనిపించింది. చిగుళ్లకి ఎండెలా తగులుతుంది?

అది గమనించిన డాక్టరమ్మ రక్తపరీక్షలు రాశారు: ఉదయం 8 గంటల కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోన్), ఏసీటీహెచ్ (ఆ గ్రంథుల్ని పనిచేయించే హార్మోన్), సోడియం, పొటాషియం. కార్టిసాల్ బాగా తక్కువ, ఏసీటీహెచ్ చాలా ఎక్కువ. సోడియం తగ్గింది, పొటాషియం పెరిగింది. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్నాయి. 1855లో థామస్ అడిసన్ అనే బ్రిటిష్ డాక్టరు వివరించిన జబ్బే ఇది, పేరు అడిసన్ వ్యాధి. మన దేశంలో దీనికి క్షయ కూడా ఒక కారణం కాబట్టి ఆ పరీక్షలూ చేశారు. లావైపోతామన్న భయంతో తిండి మానేసే ఈటింగ్ డిజార్డర్, అనొరెక్సియాలోనైతే కార్టిసాల్ సాధారణంగా తగ్గదు, కొందరిలో పెరుగుతుంది కూడా. వాంతులు చేసుకునేవాళ్లకి పొటాషియం పడిపోతుంది.

ఈటింగ్ డిజార్డర్ అంటే డబ్బున్నవాళ్ల వేషాలని కొట్టిపారేసే మనవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. అదీ ప్రాణాలు తీసే జబ్బే, కౌన్సెలర్ ఆందోళనలో తప్పు లేదు. కానీ ఆ పేరు ఖాయం చేసేముందు ఈ రక్తపరీక్ష అడగండి. అడిసన్ ఉన్న పిల్లని "తినవే" అని బతిమాలినా, కౌన్సెలింగ్‌కు తిప్పినా లోపించిన హార్మోన్ రాదు. ఆలస్యమైతే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

ఇప్పుడు లోపించిన హార్మోన్ల బదులు రోజూ హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు వేసుకుంటోంది. జ్వరమొస్తే హైడ్రోకార్టిసోన్ మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ సంగతులు క్లాస్ టీచర్‌కి ఇంగ్లిష్‌లో, వ్యాన్ డ్రైవర్‌కి కన్నడంలో రాసిచ్చాం. సెలవులకు ఊరెళ్లేటప్పుడు అత్తగారి కోసం తెలుగు కాగితం ఒకటి ఇంజెక్షన్ డబ్బాలోనే పెడుతున్నాను.