సున్నం పెట్టావా?

“సున్నం పెట్టావా నాయనా?” చూడగానే అడిగింది డాక్టరమ్మ. తల దించుకున్నా. చేతి మీద పులిపిర్లకి మా అవ్వ అదే పెట్టేది మరి. ఇవి చేతి మీద కాదు కదా, అక్కడ! పుండైంది.

మూడు నెలలు దాచా. పోయిన వారం ఇంట్లో బయటపడింది. ఈరోజు నెల్లూరు ట్రంకు రోడ్డు దాకా వచ్చి కూడా, రెండు టీలు తాగాకే క్లినిక్ మెట్లెక్కా.

హెచ్‌పీవీ వైరస్ అంట. ఈ పులిపిర్లు తెచ్చేవి ఎక్కువగా 6, 11 రకాలు, క్యాన్సర్‌వి ముఖ్యంగా 16, 18 అని చెప్పాక ఊపిరాడింది. చర్మం చర్మం తగిలినా అంటుకుంటుంది, కండోమ్ కూడా పూర్తిగా ఆపదట.

“ఎప్పుడు అంటుకుందండీ?” అన్నా. నెలల కిందటో, ఏళ్ల కిందటో, చెప్పలేం అంది. వారం నుంచి మా ఇంట్లో నడుస్తున్న ‘నువ్వా నేనా’ పంచాయితీకి ఇక సాక్ష్యం లేదన్నమాట.

లిక్విడ్ నైట్రోజన్ పెడితే తెల్లగా గడ్డకట్టింది. ముందు చల్లన, తర్వాత పచ్చిమిరపకాయ రాసినంత మంట. మళ్లీ రావొచ్చు, మూడు వారాలకి కనపడు, ఈసారి నీతో ఉండే అమ్మాయిని కూడా తీసుకురా అంది.

కోవూరు బస్సులో సీటున్నా నిలబడే వచ్చా. ఆమెకి ఫోన్ చేసి అంతా చెప్పా. కాసేపు మాట లేదు.

“ఆ సున్నం డబ్బా బయట పారేశా” అంది.