ఇంకా కథ... ఇంకా చెప్పండి ఆంటీ!

2025 వేసవి సెలవుల్లో మా విజయవాడ అపార్ట్‌మెంట్ పిల్లలకి సాయంత్రాలు కథలు చెప్పే పని నేనే అడిగి తీసుకున్నాను. ఆరేళ్ళ వాళ్ళ దగ్గర్నుంచి పదకొండేళ్ళ వాళ్ళ దాకా పద్నాలుగు మంది. తెనాలి రామకృష్ణుడు, మర్యాద రామన్న వారంలో అయిపోయారు. ఎప్పుడూ విననివి కావాలన్నారు. నాకేమో ఎన్నో ఏళ్ళుగా, దక్షిణ అమెరికాలోని పెరూ దేశాన్ని ఒకప్పుడు ఏలిన ఇంకాల కథలంటే ప్రాణం. సరే, అవే చెబుదామనుకున్నాను.

మొదటిరోజు కుదరలేదు. గోడకి మ్యాప్ అంటించి ఆండీస్ కొండలు, వాళ్ళ రాజధాని కుస్కో, సూర్యదేవుడు ఇంతి, 1532లో స్పెయిన్ వాళ్ళు వచ్చి రాజుని పట్టుకోవడం, అన్నీ వరసపెట్టి చెప్పాను. పావుగంట తిరక్కుండానే చిన్నవాళ్ళు ఒకళ్ళ చెప్పులు ఒకళ్ళు దాచే ఆటలో పడ్డారు. లేచి వెళ్ళబోతుండగా, చంద్రుణ్ణి వాళ్ళు ‘మామా కిల్లా’ అంటారని ఒక మాట అన్నాను. ఏడేళ్ళ పిల్ల టక్కున ఆగి, “అయితే వాళ్ళకీ చందమామేనా ఆంటీ!” అంది. వాళ్ళ క్వెచువా భాషలో మామా అంటే అమ్మ, కిల్లా అంటే చంద్రుడు అని చెప్పేసరికి గోల మొదలైంది. మామ అమ్మ ఎలా అవుతాడు? మనకి మామ, వాళ్ళకి అమ్మ అయితే మనకీ వాళ్ళకీ వరసేంటి? మెట్ల మీద కూర్చుని అరగంట చుట్టరికాలు కలిపారు. వెళ్తూ వెళ్తూ ఒకడు, “రేపు ఇంకా కథ ఇంకా చెప్పండి” అన్నాడు. అది విని మిగతా వాళ్ళంతా పడీ పడీ నవ్వారు.

ఆ రాత్రే మ్యాప్ తీసేశాను.

మర్నాడు ఆయార్ అన్నదమ్ముల కథ ఎత్తుకున్నాను. గుహలోంచి నలుగురు అన్నదమ్ములు, నలుగురు అక్కచెల్లెళ్ళు బయటికొచ్చి, ఊరు కట్టుకోవడానికి మంచి నేల వెతుక్కుంటూ బయల్దేరతారు. ఒకడి పేరు ఆయార్ కాచి, ఇంకొకడు ఆయార్ ఉచు. క్వెచువాలో కాచి అంటే ఉప్పు, ఉచు అంటే మిరపకాయ. నేను వాళ్ళని ఉప్పన్న, మిరపన్న అన్నాను. ఉప్పన్నకి బలం ఎక్కువ, నిదానం తక్కువ. వడిసెల తిప్పి రాయి విసిరితే కొండ పగిలి లోయ అయిపోతుంది. నేను చున్నీతో వడిసెల తిప్పి చూపించాను, ప్రతి రాయికీ పిల్లలంతా ‘ఢాం’ అని వెనక్కి పడ్డారు. వీడితో వేగలేక మిగిలినవాళ్ళు, “గుహలో బంగారు చెంబులు మర్చిపోయాం, తేరా” అని పంపి, వాడు లోపలికెళ్ళగానే బండ అడ్డం పెట్టేస్తారు. అక్కడ నవ్వు ఆగిపోయింది. “సొంత తమ్ముణ్ణి మూసేశారా?” అని ఒకమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కథ మార్చాలనిపించలేదు. కుస్కో దగ్గర మారాస్ అనే చోట కొండలోంచి ఉప్పునీళ్ళు ఊరుతుంటే, మళ్ళు కట్టి ఇప్పటికీ ఉప్పు పండిస్తున్నారని చెప్పాను. “అవి ఉప్పన్న కన్నీళ్ళే” అంది తను, నేను చెప్పకముందే. అక్కడి వాళ్ళూ అలాగే చెప్పుకుంటారు.

మిరపకాయ మనదే అనుకునే పిల్లలకి, అది దక్షిణ అమెరికాలో పుట్టిందనీ, పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చిందనీ, అంతకుముందు మన వంటల్లో కారమంటే ఎక్కువగా మిరియాలేననీ చెబితే నమ్మలేదు. పక్కనే గుంటూరు పెట్టుకుని ఎలా నమ్ముతారు?

మూడో కథ దగ్గర తప్పు చేశాను. పెరూ ఇప్పటి రాజధాని లీమా వెనక కొండల్లో వారోచిరి అనే ప్రాంతం ఉంది. ఇంకాల ఏలుబడిలో ఉన్న సీమే. అక్కడి జనం చెప్పుకున్న కథల్ని 1608 ప్రాంతంలో క్వెచువాలోనే రాసిపెట్టారు. అందులో కునిరాయ విరకోచ అనే దేవుడు చిరుగుల బట్టలతో బిచ్చగాడిలా తిరుగుతుంటాడు. ఒక పండు ద్వారా కవియాక అనే సుందరికి బిడ్డ కలిగేలా చేస్తాడు. (ఇది ఎలా చెప్పాలా అని టెన్షన్ పడ్డాను. “దశరథుడి పాయసం లాగా” అని పిల్లలే తేల్చేశారు.) తండ్రెవరో తేల్చడానికి ఆమె దేవుళ్ళందర్నీ పిలిస్తే, పసివాడు వాళ్ళని వదిలేసి పాక్కుంటూ ఆ చిరుగుల బట్టలవాడి కాళ్ళే ఎక్కుతాడు. వీడా నా బిడ్డ తండ్రి అని ఆమె బిడ్డనెత్తుకుని సముద్రం వైపు పరిగెడుతుంది. నేను ఆ దేవుణ్ణి తడబడే నడకతో, ముక్కుతో మాట్లాడిస్తూ చూపించాను. విరగబడి నవ్వారు. చివర్లో ఒక అబ్బాయి, “వాళ్ళ దేవుడు జోకర్ ఆంటీ” అన్నాడు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మన భిక్షాటన శివుణ్ణి ఎవరైనా పరాయి దేశంలో అలా ఆడించి నవ్విస్తే నేను ఊరుకుంటానా? ఆ కొండల్లో ఒకప్పుడు ఆయనకి దణ్ణం పెట్టుకున్న మనుషులున్నారు. నవ్వు కథలో ఉంది, నేను తెచ్చిపెట్టక్కర్లేదు.

మర్నాడు అదే కథ మళ్ళీ చెప్పాను. ఈసారి దేవుడు మామూలుగానే మాట్లాడాడు, జంతువులు మాత్రం నోటికొచ్చినట్టు మాట్లాడాయి. ఆమె ఎటు వెళ్ళిందో ఆయన దారిలో కనపడ్డ ప్రతి ప్రాణినీ అడుగుతాడు. కాండోర్ అనే పెద్ద రాబందు “దగ్గర్లోనే ఉంది, దొరుకుతుంది” అంటే దీవిస్తాడు. స్కంక్ అనే చిన్న జంతువు “ఎక్కడ దొరుకుతుంది, పోవయ్యా” అంటే, రాత్రిళ్ళు తిరుగుతూ కంపుకొట్టమని శపిస్తాడు. ప్యూమా అనే కొండ పిల్లికి దీవెన, నక్కకి తిట్లు, డేగకి దీవెన. చిలకలు “అబ్బే, దొరకదు” అన్నాయి కాబట్టి ఎప్పటికీ గోలగోలగా అరుస్తూనే ఉండాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ అనేది, సరిగ్గా అదే. తలా ఒక జంతువు పంచుకున్నారు, స్కంక్ వేషానికి పోటీ పడ్డారు. జోకర్ అన్న పిల్లాడే దేవుడి వేషం కావాలని అడిగాడు. పాత దుప్పటి కప్పుకుని, ఎంతో గంభీరంగా నడిచాడు.

రోళ్ళు తిరగబడ్డ కథ కూడా వారోచిరిదే. సూర్యుడు చచ్చిపోయి ఐదు రోజులు చీకటి కమ్మితే, రోళ్ళూ తిరగళ్ళూ మనుషుల్ని తినడం మొదలుపెడతాయి, బరువులు మోసే లామాలు (ఒంటె జాతి జంతువులు) మనుషుల్ని తోలుకెళ్తాయి. దీనికి నేను ఏమీ కలపలేదు. రాత్రి పడుకునే ముందు వంటింట్లో మిక్సీ ప్లగ్ తీసేయమని కొడుకు గోల చేశాడని మూడో అంతస్తు ఆవిడ చెప్పింది.

ఒక్క కథ మాత్రం చెప్పాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. అది జలప్రళయం కథ. మా పిల్లల్లో ఒకడు సింగ్‌నగర్ నుంచి అమ్మమ్మ ఇంటికి వచ్చినవాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వాడు మేడ మీదే ఉన్నాడు. వాడి అమ్మమ్మని అడిగాను. “చెప్పమ్మా, వాడు ఆ మాటే ఎత్తడం లేదు” అంది.

చెప్పాను. ఒక లామా మేత ముట్టదు. యజమాని చిరాకుపడి తింటున్న మొక్కజొన్న కండె దాని మీదికి విసిరి, “తినవే కుక్కా” అంటాడు. లామాకి ఒళ్ళు మండి నోరు విప్పుతుంది: “బుద్ధిలేనివాడా, ఐదు రోజుల్లో సముద్రం పొంగుతుంది. తిండి మోసుకుని విల్కకోటో కొండెక్కు.” కొండెక్కేసరికి అప్పటికే ప్యూమాలు, నక్కలు, కాండోర్లు, అన్నీ కిక్కిరిసి ఉన్నాయి. చోటు చాలక నక్క తోక నీళ్ళలో పడింది. అందుకే దాని తోక చివర నలుపు. పిల్లల్ని ఒకే చాప మీద ఇరుక్కుని కూర్చోమన్నాను. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతుంటే, వాడు మెల్లగా, “మాకు కూడా ఇంతే ఇరుకు. మేడ మీద పదిహేడు మందిమి. పక్కింటి కుక్క కూడా” అన్నాడు. తర్వాత ఆ కుక్క గురించి చాలాసేపు చెప్పాడు. మిగతావాళ్ళు నోరెత్తకుండా విన్నారు. కుక్క తోక తడిసిందా అని ఎవరో అడిగితే నవ్వేశాడు.

మే చివర్లో ఒక రాత్రి, పది దాటాక అందరం డాబా ఎక్కాం. పాలపుంతని మనం ఆకాశగంగ అంటాం, ఆండీస్ వాళ్ళకీ అది నదే, ‘మాయు’. ఆ నదిలో వాళ్ళు చుక్కల్నే కాదు, చుక్కల మధ్య నల్లటి మచ్చల్ని కూడా చూస్తారు. అందులో ఒకటి యాకాన అనే లామా. అర్ధరాత్రి ఎవరూ చూడకుండా దిగొచ్చి సముద్రపు నీళ్ళు తాగి వెళ్తుంది. తాగకపోతే లోకం మునిగిపోతుంది. మన ఊరి లైట్లలో ఆ నలుపు కనపడదు. దక్షిణాన, బాగా కిందుగా, పక్కపక్కన మెరిసే రెండు చుక్కలు మాత్రం కనిపించాయి. అవే దాని కళ్ళు.

“అది బుడమేరు కూడా తాగుతుందా ఆంటీ?” అన్నాడు వాడు.

“సముద్రాన్నే తాగేదానికి బుడమేరు ఎంతరా నాన్నా!”

వాడు కాసేపు ఆ రెండు చుక్కల్నీ చూశాడు. “అయితే పన్నెండింటి దాకా ఇక్కడే ఉందాం” అని చాప పరుచుకున్నాడు.