మా మిద్దె మీద టమోటా

తిరుపతిలో టమోటా పెంచాలనుకునేవాళ్ళు విత్తనాల ప్యాకెట్ కంటే ముందు క్యాలెండర్ చూడాలి. ఎరువులు, మందులు, మొక్క పెంచే సంచి (గ్రో బ్యాగు) సైజు అన్నీ ఆ తర్వాతే. మా ఊళ్ళో ఈ మొక్క కాయాలా వద్దా అని తేల్చేది ఎండ. అందులోనూ పగటి ఎండ కంటే రాత్రి ఉక్కదే ఎక్కువ పెత్తనం.

నాకు ఈ సంగతి చెప్పింది మా చిన్నాయన. ఆయనది మదనపల్లె దగ్గర, పుంగనూరు పక్క పల్లె, ఊహ తెలిసినప్పటి నుంచీ టమోటా సాగే. మిద్దె మీద టమోటా పెడతానని ఫోన్ చేస్తే ముందు బాగా నవ్వాడు. "ఏం పాపా, ఈడ ధర లేక మండీ కాడ రోడ్డు మీద పారబోసి వస్తా ఉంటే, నువ్వు దుడ్లు పెట్టి మట్టి కొని పెంచతావా?" అన్నాడు. నవ్వు అయ్యాక మాత్రం అసలు మాట చెప్పాడు: "మమ్మల్ని చూసి మీరు పెట్టొద్దండి. మాది పైన, మీది కింద."

నిజమే. 2022 ఏప్రిల్ దాకా మదనపల్లె, తిరుపతి ఒకే చిత్తూరు జిల్లాలో ఉన్నాయి కాబట్టి వాతావరణం కూడా ఒకటే అనిపిస్తుంది. కానీ మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటే, తిరుపతి 160 మీటర్ల దగ్గర ఉంది. అక్కడ ఎండాకాలంలోనూ రాత్రిళ్ళు కాస్త చల్లబడతాయి. మనకు ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 దగ్గర ఆడితే రాత్రి 26, 27 కంటే దిగదు. టమోటాకు పగలు 35 దాటి, రాత్రి 22, 23కి కూడా తగ్గకపోతే పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పూత నిండుగా వస్తుంది, రెండు మూడు రోజుల్లో కాడతో సహా రాలిపోతుంది. మా వీధిలో చాలామంది ఫిబ్రవరిలో నర్సరీ నుంచి నారు తెచ్చి, ఏప్రిల్‌లో పూత రాలుతుంటే మందుల అంగడికి పరుగెత్తుతారు. ఆ వేడికి మందు ఏ అంగట్లోనూ లేదు.

అందుకని నేను పండగలను బట్టి లెక్క వేసుకున్నాను. వినాయక చవితి దాటగానే నారు పోయడం, బ్రహ్మోత్సవాల సమయానికి సంచుల్లోకి మార్చడం. అలా చేస్తే పూత నవంబరు, డిసెంబరు చలిలో పడుతుంది. సంక్రాంతికి కోత.

విత్తనం రెండు రకాలు పెట్టాను. ఒకటి అర్కా రక్షక్. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ తయారుచేసిన హైబ్రిడ్ ఇది. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుందని దీనికి పేరు. రెండోది చిన్నాయన వాళ్ళ పేడదిబ్బ పక్కన దానంతటదే మొలిచే నాటు టమోటా. కాయ చిన్నది, తోలు పలచన, పులుపు గట్టిది. సంతకు తీసుకెళ్ళే లోపే నలిగిపోతుంది కాబట్టి వాళ్ళు దాన్ని పొలంలో వెయ్యరు, చారుకు మాత్రం అదే కోసుకుంటారు.

నారు పోయడంలో పెద్ద పనేమీ లేదు. పేపర్ కప్పులకు అడుగున చిల్లు పెట్టి, తడిపిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీ కంపోస్టు కలిపి నింపి, పావు అంగుళం లోతున గింజ వేస్తే వారంలో మొలిచింది. మొలిచిన వెంటనే ఎండకు పెట్టాలి, నీడలో ఉంచితే కాడ సన్నగా సాగి పడిపోతుంది. నాలుగైదు ఆకులు వచ్చి జానెడు ఎత్తు అయ్యాక సాయంత్రం పూట సంచిలోకి మార్చాను. మార్చేటప్పుడు అడుగు ఆకులు తుంచేసి, కాడ సగం దాకా మట్టిలో పూడ్చాను. టమోటా కాడకు మట్టి తగిలిన చోటల్లా వేరు వస్తుంది. వంకాయ నారుకు, మిరప నారుకు ఇలా చెయ్యకండి, అవి ఇలా వేరు పట్టవు.

సంచులు పదిహేను అంగుళాలవి, కొన్ని చోట్ల పెయింటు బకెట్లు. ఎర్రమట్టి, కోకోపీట్, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపి, సంచికి ఒక గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేరు మాడుతుంది. పైపాటు ఎరువుగా చెనక్కాయ చెక్కను (నూనె తీశాక మిగిలే వేరుశనగ పిండిని) నీళ్ళలో నానబెట్టి, మూడు రోజులు పులిసిన నీటిని పదింతలు పలచన చేసి పోశాను. ఆ వాసనకు మా అత్తగారు రెండు పూటలు మిద్దె ఎక్కలేదు, ఆరేసిన బట్టలు కూడా నేనే దించుకురావాల్సి వచ్చింది. పూత మొదలయ్యాక ఆ నీళ్ళు తగ్గించాలి. నత్రజని ఎక్కువైతే మొక్క అడవిలా పెరుగుతుంది, కాయ మాత్రం ఉండదు.

ఊతానికి సరుగుడు కట్టెలు గుచ్చి, పాత చీర అంచులు చించి వదులుగా కట్టాను. ప్లాస్టిక్ దారం గాలికి కాడను కోసేస్తుంది.

ఇక నవంబరు. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే కదా, బంగాళాఖాతంలో వాయుగుండం అంటే చాలు టెన్షన్. 2021 నవంబరులో ఊరు ఎలా మునిగిందో చూసినవాళ్ళం. మిద్దె మీద మొక్కలకు వరద భయం లేదు గానీ, విడవకుండా పడే ముసురుతో ఆకుమాడు తెగులు వస్తుంది. అడుగు ఆకుల మీద గుండ్రంగా, వలయాలు వలయాలుగా గోధుమరంగు మచ్చలు. వాన చినుకు మట్టిని ఆకు మీదికి చిందిస్తుంది, తెగులు దాంతోపాటే ఎక్కుతుంది. సంచుల్లో ఎండుటాకులు మందంగా పరిచాను, నేలకు జానెడు పైదాకా ఆకులన్నీ తుంచేశాను. అర్కా రక్షక్‌కు పెద్దగా ఏమీ కాలేదు. నాటుది సగం బోడి అయింది, కానీ చావలేదు, వాన తెరిపి ఇవ్వగానే మళ్ళీ చిగురు వేసింది.

పరాగసంపర్కం గురించి చాలామంది తేనెటీగలు రావట్లేదని బెంగపడతారు. టమోటా పువ్వుకు తేనెటీగ అక్కర్లేదు. ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటాయి, పుప్పొడి ఒక చిన్న పసుపు గొట్టం లోపల దాక్కుని ఉంటుంది, పువ్వు అదిరితే రాలుతుంది. నల్ల తుమ్మెద వచ్చి వేలాడుతూ గుయ్‌మంటే ఆ అదురుకే పని అయిపోతుంది. తుమ్మెద రాని రోజు పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య నేనే పూగుత్తిని వేలితో నాలుగుసార్లు తట్టాను. మిద్దె మీద గాలి బాగా ఉంటే అదీ అవసరం లేదు.

డిసెంబరులో పిందెలు బాగా పట్టాక కొన్ని కాయల అడుగున నల్లగా, తోలులా అణిగిన మచ్చ వచ్చింది. అందరూ చెప్పే వైద్యం ఒకటే, కోడిగుడ్డు పెంకులు వెయ్యి, కాల్షియం తక్కువైంది అని. ఈ సలహా మీద నాకు నమ్మకం లేదు. మా బోరు నీళ్ళకు గీజరు రాడ్డు మీద సున్నం పొర కడుతుంది, వేడినీళ్ళ గిన్నె అడుగు తెల్లబడుతుంది. అంత కాల్షియం రోజూ తాగే మొక్కకు గుడ్డు పెంకు దేనికి? పైగా పెంకు మట్టిలో కరిగేసరికి ఆ పంటే అయిపోతుంది. కాల్షియం కాయ దాకా చేరాలంటే నీళ్ళతోపాటే ఎక్కాలి. ఒకరోజు బకెట్టెడు పోసి రెండు రోజులు ఎండబెడితే అది కాయకు అందదు. మేము మధ్యలో ఊరెళ్ళి వచ్చిన వారంలో పెరుగుతున్న కాయలకే ఆ మచ్చ వచ్చింది. రోజూ పొద్దున ఒకే కొలతకు నీళ్ళు పట్టడం మొదలుపెట్టాక తర్వాత గుత్తులు శుభ్రంగా వచ్చాయి.

తెల్లదోమతో మాత్రం రాజీ లేదు. ఆకు అడుగున పిండి చల్లినట్టు వాలుతుంది, అది మోసే వైరస్‌తో ఆకులు దొన్నెల్లా ముడుచుకుని, మొక్క గిడసబారిపోతుంది. ఒకసారి ముడత వచ్చాక ఏ కషాయమూ బాగుచెయ్యదు. నాటు మొక్క ఒకటి అలా అయితే ఆ రోజే పీకి కవర్లో కట్టి పారేశాను. మిగిలిన వాటికి పసుపురంగు అట్టలకు ఆముదం పూసి వేలాడదీశాను, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రాలు ఆకు అడుగు తడిసేలా కొట్టాను. పొద్దున కొడితే ఎండకు ఆకు మాడుతుంది.

కోతుల సంగతి ఏ పుస్తకంలోనూ రాయరు. కపిలతీర్థం వైపు ఉండేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. కాయ పండేదాకా ఓపిక పడతాయి, ఒక్క కొరుకు కొరికి పులుపని పారేసి ఇంకోటి తెంపుతాయి. ఆంజనేయస్వామి అని ఎవరూ రాయి ఎత్తరు. వల కట్టాను, దాన్నీ చించాయి. చివరికి పనికొచ్చింది త్వరగా కొయ్యడమే. కాయ అడుగున లేత గులాబీ రంగు కనబడగానే కోసి వంటింట్లో బుట్టలో పెడితే నాలుగైదు రోజుల్లో పండుతుంది. ఆ దశ దాటాక మొక్క నుంచి కాయకు పెద్దగా వచ్చేదేమీ లేదు, రుచీ తగ్గదు. వాన పడితే పగిలే బాధ కూడా తప్పుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, వాసన చచ్చిపోతుంది.

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మేము టమోటా కొనలేదు. ఆదా ఎంత అంటే నవ్వొస్తుంది. ఆ నెలల్లో బండి మీద కూడా చవకే. 2023 జూలైలోలాగా కిలో నూరు దాటేది వేరే కాలంలో, అప్పుడు మన మిద్దె మీద పూత నిలవదు. సంచులు, కోకోపీట్ ఖర్చు చూస్తే చిన్నాయన నవ్విందే కరెక్ట్. నాకు గిట్టుబాటు అయింది నాటు టమోటా చారు. రాగి సంగటిలోకి పచ్చి టమోటా, చెనక్కాయలు కలిపి నూరిన పచ్చడి కూడా, దానికి తోటలో అప్పుడే కోసిన గట్టి కాయే కావాలి.

మార్చి సగం దాటేసరికి కాయ ఎర్రబడకుండా నారింజ రంగు దగ్గరే ఆగిపోవడం మొదలైంది. 30 డిగ్రీలు బాగా దాటితే ఆ ఎరుపు రంగు సరిగ్గా తయారవదు. పైన గ్రీన్ నెట్ కడితే ఇంకో రెండు వారాలు లాగింది. ఉగాది తర్వాత పూత రాలడం మొదలయ్యాక వేపనూనెలు, కషాయాలు అన్నీ ఆపేశాను. బాగా పండిన నాటు కాయలు నాలుగు పిసికి, గుజ్జును రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టి గింజలు దాచాను. అర్కా రక్షక్ గింజ దాచలేదు, హైబ్రిడ్ కాబట్టి తల్లి గుణం రాదు, మళ్ళీ కొనుక్కోవాల్సిందే.

మొక్కలు పీకేసి మట్టిని మిద్దె మీదే పరిచి, తడిపి, పైన పాలిథీన్ పట్ట కప్పి మే ఎండకు వదిలేశాను. మట్టిలో తెగుళ్ళు, నులిపురుగులు చాలావరకు ఆ వేడికే పోతాయి. ఆ మట్టిలో వంగ, మిరప పెట్టకూడదు, అవీ టమోటా కుటుంబమే, అవే తెగుళ్ళు. వాన పడ్డాక మటిక్కాయలు (గోరుచిక్కుడు), బెండ వేశాను. మటిక్కాయలు పీకేసరికి చవితి వస్తుంది, అప్పుడు మళ్ళీ పేపర్ కప్పులు.